ప్యూర్ డేటా లైబ్రరీలను అప్‌డేట్ చేయడం: ప్యాచ్ చెడకుండా, పాతది పోకుండా

నిన్నటిదాకా చక్కగా పలికిన ప్యాచ్‌ను, అంటే ప్యూర్ డేటాలో పెట్టెలను తీగలతో కలిపి చేసిన ధ్వని ప్రోగ్రామ్‌ను, ఇవాళ తెరిస్తే సగం పెట్టెల అంచులు తెగిన గీతలుగా కనిపిస్తాయి. కన్సోల్ (సందేశాలు కనిపించే కిటికీ) నిండా "కుడ్‌న్ట్ క్రియేట్" వరసలు. మధ్యలో జరిగిందల్లా ఏదో ఒక లైబ్రరీని (అదనపు పెట్టెల మూటను) అప్‌డేట్ చేయడమే. ప్యూర్ డేటా, అంటే పీడీ వాడేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: లైబ్రరీలు కొత్తవి కావాలి, ప్యాచ్‌లు మాత్రం పాతవే పలకాలి, ఎలా?

కింది క్రమంలో చేస్తే రెండూ కుదురుతాయి. క్రమం మారిస్తే మాత్రం ఎక్కడ చెడిందో వెతకడానికే రోజంతా పోతుంది. ఫైళ్ల పేర్లను, ఆదేశాలను ఇక్కడ పలికే తీరులోనే రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.

## 1. ముందు మీ దగ్గర ఏముందో తేల్చుకోండి

మొదట కావాల్సింది మూడు వివరాలు: పీడీ వెర్షన్, పీడీ ప్లాట్‌ఫారం, లైబ్రరీలు కూర్చున్న ఫోల్డర్.

వెర్షన్ హెల్ప్ మెనూలోని అబౌట్‌లో ఉంటుంది. ప్లాట్‌ఫారం పేరు డెకెన్ ప్రిఫరెన్సెస్‌లో కనిపిస్తుంది. డెకెన్ అంటే పీడీ 0.47 నుంచి లోపలే వస్తున్న ప్యాకేజీ మేనేజర్. "ఫైండ్ ఎక్స్‌టర్నల్స్" అని హెల్ప్ మెనూలో గానీ, కొత్త వెర్షన్లలో టూల్స్ మెనూలో గానీ ఉంటుంది.

ప్లాట్‌ఫారం పేరు "విండోస్-ఏఎండీ64-32" లాగా ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. చివరనున్న 32 ప్రాసెసర్ బిట్‌లు కావు, పీడీ లోపల వాడే దశాంశ సంఖ్య పరిమాణం. 64 బిట్ కంప్యూటర్ మీద నడిచే మామూలు పీడీకి కూడా అక్కడ 32 అనే ఉంటుంది. అది చూసి పాత రకం ప్యాకేజీ అనుకుని వదిలేయకండి. చివర 64 ఉన్నవి డబుల్ ప్రెసిషన్ పీడీ కోసం చేసినవి, మామూలు పీడీలో అవి ఎక్కవు.

ఇంకో సంగతి: లైబ్రరీ సరిపోవాల్సింది పీడీకి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు కాదు. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ పీడీ వేసుకుంటే 32 బిట్ లైబ్రరీలే కావాలి.

లైబ్రరీలు ఉండే చోట్లు ఇవి:

- విండోస్: యాప్‌డేటా లోపల "పీడీ" ఫోల్డర్
- మాక్: మీ హోమ్‌లోని లైబ్రరీ ఫోల్డర్ లోపల "పీడీ" (ఈ లైబ్రరీ ఫోల్డర్ మామూలుగా కనిపించదు)
- లినక్స్: హోమ్‌లో "డాట్ లోకల్ / లిబ్ / పీడీ / ఎక్స్‌ట్రా"
- మూడింటిలోనూ: పీడీ మొదటిసారి అడిగినప్పుడు ఒప్పుకుని ఉంటే డాక్యుమెంట్స్‌లో "పీడీ / ఎక్స్‌టర్నల్స్"

ఒకే లైబ్రరీ రెండు చోట్ల ఉందేమో తప్పకుండా చూడండి. లినక్స్‌లో ఇది మరీ ఎక్కువ: సిస్టమ్ ప్యాకేజీగా ఒకటి, డెకెన్ ద్వారా ఇంకొకటి. ఒకదాన్ని అప్‌డేట్ చేసి, ఇంకోదాన్ని వింటూ ఉంటారు. వాడనిదాన్ని తీసేశాకే ముందుకు వెళ్లండి.

## 2. ఏ లైబ్రరీ కావాలో ప్యాచ్‌లోనే రాయండి

అప్‌డేట్ వల్ల చెడిందనుకునే ప్యాచ్‌లు చాలావరకు అప్పటికే బలహీనంగా ఉన్నవి. ప్రిఫరెన్సెస్‌లోని స్టార్టప్ జాబితాలో ఎప్పుడో చేర్చిన లైబ్రరీ మీద ఆధారపడి నడుస్తుంటాయి. ఆ జాబితా మారిన రోజున కూలిపోతాయి. అందుకే అప్‌డేట్ పని లైబ్రరీతో కాక ప్యాచ్‌తో మొదలుపెట్టండి.

ప్యాచ్‌లో పైన ఒక డిక్లేర్ పెట్టె పెట్టాలి. లైబ్రరీ కట్టిన తీరును బట్టి అది రెండు రకాలు:

- ఒక్కో ఆబ్జెక్ట్‌కు (పెట్టెలో పేరు రాసి పిలిచే పనిముట్టుకు) ఒక్కో ఫైలు ఉన్నవి, ఎల్స్, సైక్లోన్ లాంటివి: [డిక్లేర్ -పాత్ ఎల్స్]
- అన్ని ఆబ్జెక్టులూ ఒకే బైనరీలో ఉన్నవి, జెక్సీ లాంటివి: [డిక్లేర్ -పాత్ జెక్సీ -లిబ్ జెక్సీ]

రెండో దాంట్లో -లిబ్ ఆబ్జెక్టులను తెస్తుంది. -పాత్ ఎందుకంటే, హెల్ప్ ప్యాచ్‌లు, సాదా ప్యాచ్‌గా రాసిన ఆబ్‌స్ట్రాక్షన్లు ఆ ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి.

డిక్లేర్ రాయగానే పని అయిపోయిందనుకోకండి. ప్యాచ్‌ను సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరవండి. డిక్లేర్ పనిచేసేది ప్యాచ్ తెరుచుకునేటప్పుడు.

ఇప్పుడు నిజమైన పరీక్ష. పీడీని "-నోప్రెఫ్స్" ఫ్లాగ్‌తో (మొదలుపెట్టే ఆదేశం పక్కన చేర్చే మాటతో) మొదలుపెట్టి ప్యాచ్ తెరవండి. ఈ ఫ్లాగ్ మీరు దాచుకున్న సెట్టింగులన్నిటినీ పక్కన పెడుతుంది. డాక్యుమెంట్స్‌లోని ఎక్స్‌టర్నల్స్ ఫోల్డర్ కూడా సెట్టింగుల్లోని సెర్చ్ పాతే (పీడీ వెతికే ఫోల్డరే) కాబట్టి, మీ లైబ్రరీలు అక్కడ ఉంటే ఆ ఒక్కదాన్నీ "-పాత్" ఫ్లాగ్‌తో ఇవ్వండి. ఈ స్థితిలో కన్సోల్‌లో ఒక్క ఎర్ర వరస లేకుండా ప్యాచ్ తెరుచుకుంటే డిక్లేర్‌లు సరిపోయినట్టే.

పీడీ-ఎక్స్‌టెండెడ్ (లైబ్రరీలు కలిపి ఇచ్చిన పాత పీడీ రూపం) కాలపు ప్యాచ్‌లకు ఇంకాస్త పని ఉంటుంది. అందులో చాలా లైబ్రరీలు వాటంతటవే లోడ్ అయ్యేవి. కొన్నిట్లో డిక్లేర్ బదులు [ఇంపోర్ట్] పెట్టె ఉంటుంది. దొరకని ఒక్కో ఆబ్జెక్ట్ పేరునూ డెకెన్‌లో "ఆబ్జెక్ట్స్" ఎంచుకుని వెతికితే అది ఏ లైబ్రరీదో తెలుస్తుంది.

## 3. పాత ఫోల్డర్‌ను బయట దాచండి

అప్‌డేట్ చేయబోయే లైబ్రరీ ఫోల్డర్ మొత్తాన్ని వేరే చోటికి కాపీ చేయండి. పేరులో వెర్షన్, తేదీ రాయండి. కాపీని లైబ్రరీల ఫోల్డర్‌లోనే పక్కన పెట్టకండి. ఎప్పుడో ఒకరోజు దాన్నే సెర్చ్ పాత్‌లో చేర్చేస్తారు.

పేరు గురించి ఒక హెచ్చరిక. వాడుకలో ఉన్న ఫోల్డర్ పేరు లైబ్రరీ పేరే అయి ఉండాలి. "ఎల్స్-కొత్తది" అని మారిస్తే [డిక్లేర్ -పాత్ ఎల్స్] దాన్ని కనుక్కోలేదు, [ఎల్స్/కౌంటర్] అని రాసిన పెట్టెలూ పుట్టవు. వెర్షన్ నంబరు దాచిన కాపీ పేరులోనే ఉండనివ్వండి.

పాత వెర్షన్ ప్యాకేజీ ఫైలు (డాట్ డెక్ అనే పొడిగింపు ఉన్నది, నిజానికి అది జిప్ ఫైలే) ఉంటే అదీ దాచండి. డెకెన్ ప్రిఫరెన్సెస్‌లో "ఇన్‌స్టాల్ అయ్యాక ప్యాకేజీ ఫైళ్లు ఉంచాలా" అనే గడికి టిక్ పెడితే ఇకముందు వాటంతటవే మిగులుతాయి.

## 4. ముందటి ధ్వనిని రికార్డు చేసి పెట్టుకోండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇది. ఎర్ర వరసలు లేకపోతే అంతా బాగున్నట్టే అనుకుంటారు. కానీ ఫిల్టర్ లెక్క మారినా, డిఫాల్ట్ విలువ మారినా కన్సోల్ ఏమీ చెప్పదు. చెవి కూడా వారం తర్వాత గుర్తుపట్టలేదు. రెండు రికార్డింగులను ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మాత్రం తేడా దాక్కోలేదు.

చేసే పద్ధతి:

1. ప్యాచ్ అవుట్‌పుట్‌ను [రైట్‌ఎస్‌ఎఫ్~ 2]కు కలపండి. "ఓపెన్ -బైట్స్ 4 ముందు.వేవ్" అనే సందేశం పంపండి. 4 బైట్లంటే ఫ్లోట్ ఫైలు, గుండ్రం చేయడం వల్ల వచ్చే తేడా ఉండదు.
2. ఒకే [ట్రిగర్] నుంచి "స్టార్ట్" సందేశమూ, ప్యాచ్‌ను నడిపే సందేశమూ వెళ్లేలా కలపండి. అప్పుడు రెండూ ఒకే క్షణంలో మొదలవుతాయి.
3. అదే ట్రిగర్‌తో [ఆస్క్~], [ఫేజర్~] పెట్టెల కుడి ఇన్‌లెట్‌కు (పెట్టెలోకి తీగ చేరే చోటుకు) 0 పంపి ఫేజ్‌ను మొదటికి తెండి. యాదృచ్ఛిక సంఖ్యలు ప్రతిసారీ ఒకేలా రావడానికి [రాండమ్]కు "సీడ్ 1" పంపండి. కొత్త పీడీలో [నాయిజ్~] కూడా సీడ్ సందేశం తీసుకుంటుంది.
4. 20 సెకన్లు రికార్డు చేసి ఆపండి.
5. లైబ్రరీ మార్చకుండానే ఇంకోసారి, వేరే పేరుతో రికార్డు చేయండి.

అయిదో అంచె అనవసరమనిపిస్తుంది గానీ పరీక్షకు అదే ఆధారం. పాత వెర్షన్‌తో చేసిన రెండు రికార్డింగులే ఒకదానితో ఒకటి కలవకపోతే ప్యాచ్‌లో ఎక్కడో అదుపులేని యాదృచ్ఛికత ఉంది. ముందు దాన్ని కట్టడి చేయాలి. లేకుంటే కొత్త వెర్షన్ మీద నింద అన్యాయంగా పడుతుంది.

పోల్చడానికి ఇంకో చిన్న ప్యాచ్ చాలు. రెండు [రీడ్‌ఎస్‌ఎఫ్~] పెట్టెల్లో రెండు ఫైళ్లు తెరవండి. డిస్క్ నుంచి చదవడానికి ఒక సెకను ఆగి, రెండింటికీ ఒకే సందేశంతో 1 పంపండి. రెండింటినీ [-~]లో కలిపి, ఫలితాన్ని [ఎన్వ్~] ద్వారా నంబర్ బాక్స్‌కు పంపండి. [ఎన్వ్~] లెక్కలో 100 అంటే పూర్తి స్థాయి, అంటే 1. 0 అంటే లక్షో వంతు లేదా అంతకన్నా తక్కువ. చివరిదాకా 0 చూపిస్తే రెండూ ఒకటే. 40 చూపిస్తే వెయ్యో వంతు తేడా ఉన్నట్టు.

శాంపిల్ రేటు, బ్లాక్ సైజు రెండుసార్లూ ఒకటే ఉండాలి.

## 5. డెకెన్‌తో ఎక్కించడం

ముందు పీడీని మూసి, ఏ ప్యాచ్ తెరవకుండా మళ్లీ మొదలుపెట్టండి. ఒకసారి లోడ్ అయిన లైబ్రరీని పీడీ నడుస్తుండగా దింపలేదు. విండోస్‌లోనైతే వాడుకలో ఉన్న డీఎల్ఎల్ ఫైలుకు తాళం పడుతుంది, తీసేయడం కుదరదు. స్టార్టప్ జాబితాలో ఆ లైబ్రరీ ఉంటే ముందు అక్కడి నుంచి తీసేయండి.

డెకెన్ ప్రిఫరెన్సెస్‌లో చూసుకోవాల్సినవి:

- ఇన్‌స్టాల్ ఫోల్డర్, మీరు ఒకటో మెట్టులో గుర్తించినదేనా
- "మళ్లీ ఇన్‌స్టాల్ చేసేముందు పాతది తీసేయడానికి ప్రయత్నించు" గడికి టిక్ ఉందా
- వేరే ప్లాట్‌ఫారం ప్యాకేజీలు దాచే గడికి టిక్ ఉందా
- "కొత్తగా వేసినదాన్ని సెర్చ్ పాత్‌లో చేర్చు" గడి ఖాళీగా ఉందా (డిక్లేర్ రాశారు కాబట్టి ఇది అక్కర్లేదు, పైగా పేర్ల గొడవలకు ఇదే దారి)

రెండో గడి చాలా ముఖ్యం. కొత్త వెర్షన్ ఒక ఆబ్జెక్ట్‌ను తీసేసిందనుకోండి. పాత ఫైళ్ల మీదే కొత్తవి పడితే, తీసేసిన ఆ ఆబ్జెక్ట్ పాత ఫైలు అక్కడే ఉండిపోతుంది. మీ దగ్గర అది పనిచేస్తూనే ఉంటుంది, మీరు ఎవరికి ప్యాచ్ ఇచ్చారో వాళ్ల దగ్గర పనిచేయదు. చేత్తో జిప్ విప్పేటప్పుడు కూడా ఇదే నియమం: పాత ఫోల్డర్‌ను ఖాళీ చేశాకే విప్పాలి.

లైబ్రరీ పేరు వెతికి, ప్యాకేజీ వివరాల్లో కనీసం ఏ పీడీ వెర్షన్ కావాలని రాశారో చదవండి. ఎల్స్‌లో దాదాపు ప్రతి విడుదలకూ ఇది ఉంటుంది, ఆబ్జెక్టుల పేర్లు మారడం, కొన్ని పోవడం కూడా ఉంటుంది. మార్పుల జాబితా చదవకుండా ఎల్స్‌ను అప్‌డేట్ చేయవద్దు.

ఒకసారికి ఒక్క లైబ్రరీ. నాలుగింటిని కలిపి మార్చి, తర్వాత ఏది పాడుచేసిందో కనుక్కోవడం కన్నా నాలుగుసార్లు పరీక్షించడమే తక్కువ పని.

## 6. తెరవండి, చూడండి, వినండి

పీడీని మూసి మళ్లీ తెరిచి, ప్యాచ్ తెరవండి. కన్సోల్‌లో ఎర్ర వరస కనిపిస్తే దాని మీద కంట్రోల్ (మాక్‌లో కమాండ్) పట్టుకుని క్లిక్ చేస్తే ఆ పెట్టె దగ్గరికి తీసుకెళ్తుంది.

ఇక్కడ రెండు రకాల లోపాలను వేరుగా చూడాలి. "కుడ్‌న్ట్ క్రియేట్" అంటే పెట్టె పుట్టలేదు, కానీ దాని తీగలు అలాగే ఉంటాయి. లైబ్రరీ దొరకగానే అంతా యథాస్థితికి వస్తుంది. "కనెక్షన్ ఫెయిల్డ్" అలా కాదు. పెట్టె పుట్టింది గానీ కొత్త వెర్షన్‌లో ఆ ఇన్‌లెట్ లేదా అవుట్‌లెట్ లేదు. తీగ పోయింది. ఆ స్థితిలో ప్యాచ్ సేవ్ చేస్తే ఆ తీగ ఫైల్లోంచి కూడా పోతుంది. ఈ మాట కనబడితే సేవ్ చేయకుండా మూసేయండి.

ఎర్ర వరసలు లేకపోతే నాలుగో మెట్టులోని రికార్డింగ్ మళ్లీ చేసి, పాతదాంట్లోంచి తీసేసి తేడా చూడండి.

## 7. లోడ్ కాకపోతే: సందేశం ఏం చెబుతోంది

"-వెర్బోస్" ఫ్లాగ్‌తో పీడీని నడిపితే ఒక్కో ఆబ్జెక్ట్ కోసం ఏయే దారుల్లో వెతికిందో వరసగా చూపిస్తుంది. సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి. మిగతావి ఇవి:

- విండోస్, 126: ఫైలు ఉంది గానీ దానికి కావాల్సిన ఇంకో డీఎల్ఎల్ లేదు. ప్యాకేజీని సగం కాపీ చేసినప్పుడు ఎక్కువగా వస్తుంది. ఫోల్డర్ మొత్తం మళ్లీ వేయండి.
- విండోస్, 193: 32 బిట్, 64 బిట్ తేడా. పీడీకి సరిపోయే ప్యాకేజీ తెచ్చుకోండి.
- మాక్, "ఇన్‌కంపాటిబుల్ ఆర్కిటెక్చర్": ఇంటెల్ కోసం చేసిన లైబ్రరీని యాపిల్ సిలికాన్ మీద నేరుగా నడిచే పీడీ తీసుకోదు. ఆర్మ్64 ప్యాకేజీ వెతకండి. అది లేకపోతే పీడీ యాప్ "గెట్ ఇన్ఫో"లో "ఓపెన్ యూజింగ్ రోజెటా" టిక్ చేయండి. అప్పుడు మిగతా లైబ్రరీలన్నీ కూడా ఇంటెల్ రకమే కావాలి.
- మాక్, ఫైలు పాడైందని లేదా నమ్మలేమని చెప్పడం: చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది, బ్రౌజర్‌తో దింపినందువల్ల క్వారంటైన్ గుర్తు పడింది. మూలం నమ్మదగినదైతే టెర్మినల్‌లో ఎక్స్‌అట్టర్ ఆదేశంతో ఫోల్డర్ మొత్తం మీద ఆ గుర్తు తీసేయండి.
- లినక్స్, "రాంగ్ ఎల్ఫ్ క్లాస్": మళ్లీ బిట్‌ల తేడానే.
- లినక్స్, "జీలిబ్‌సీ ... నాట్ ఫౌండ్": మీ సిస్టమ్ కన్నా కొత్త సిస్టమ్ మీద కంపైల్ చేసిన బైనరీ. పాత విడుదల వాడండి, లేదా సోర్స్ నుంచి కట్టుకోండి.
- "అన్‌డిఫైన్డ్ సింబల్": లైబ్రరీ అడిగే ఫంక్షన్ మీ పీడీలో లేదు. పీడీనే అప్‌డేట్ చేయాలి.

## 8. ఒకే పేరు, రెండు లైబ్రరీలు

[కౌంటర్] సైక్లోన్‌లో ఉంది, ఎల్స్‌లో ఉంది, జెమ్‌లోనూ ఉంది. [స్కేల్] సైక్లోన్‌లో, మ్యాక్స్‌లిబ్‌లో. పేరొకటే గానీ ఇన్‌లెట్లు, అర్థాలు వేరు. లోడ్ అయ్యే వరసను బట్టి వాటిలో ఒకటి మీ పెట్టెలో కూర్చుంటుంది.

మందు సులువు: ఫోల్డర్ పేరు ముందు రాయండి, [సైక్లోన్/కౌంటర్] అని. ఇది ఆబ్జెక్ట్‌కో ఫైలు ఉన్న లైబ్రరీలకు పనిచేస్తుంది. పెద్ద ప్యాచ్‌లో అన్నిటికీ రాయనక్కర్లేదు, గొడవ ఉన్న పేర్లకు చాలు.

ప్లగ్‌డేటా (పీడీ మీద కట్టిన ఇంకో ప్రోగ్రామ్) వాడేవాళ్లకు ఇంకో మాట. ఎల్స్, సైక్లోన్ దాని లోపలే వస్తాయి, వాటి వెర్షన్ ప్లగ్‌డేటాతోనే మారుతుంది. పీడీలో ఎల్స్ అప్‌డేట్ చేసి అదే ప్యాచ్‌ను ప్లగ్‌డేటాలో తెరిస్తే అక్కడ పాత ఎల్స్ ఉండొచ్చు.

## 9. వెనక్కి వెళ్లడం

పీడీ మూయండి. కొత్త ఫోల్డర్ తీసేయండి. దాచిన కాపీని అసలు పేరుతో వెనక్కి పెట్టండి. పీడీ తెరవండి. డాట్ డెక్ ఫైలు దాచి ఉంటే డెకెన్‌లోని "ఇన్‌స్టాల్ డెక్ ఫైల్"తోనూ అవుతుంది.

## 10. లైబ్రరీ మీదే అయితే

మీరు రాసిన లైబ్రరీని ఇతరులు వాడుతుంటే పైన చెప్పిన కష్టాల్లో సగం మీ చేతిలో ఉన్నాయి.

ప్యాచ్ ఫైల్లో తీగలు పేర్లతో కాక వరస నంబర్లతో దాచి ఉంటాయి: ఫలానా పెట్టె 0వ అవుట్‌లెట్ నుంచి ఫలానా పెట్టె 1వ ఇన్‌లెట్‌కు అని. కొత్త ఇన్‌లెట్‌ను మధ్యలో దూరిస్తే పాత ప్యాచ్‌ల తీగలన్నీ ఒక స్థానం జరిగి తప్పు చోట తగులుకుంటాయి. ఏ లోపమూ చూపించదు. కొత్త ఇన్‌లెట్, అవుట్‌లెట్ ఎప్పుడూ కుడి చివరే చేర్చండి.

ఆబ్జెక్ట్ పేరు మారిస్తే పాత పేరును "క్లాస్_యాడ్‌క్రియేటర్"తో నమోదు చేసి ఉంచండి. ఆబ్జెక్ట్‌కో ఫైలు పద్ధతిలోనైతే అది చాలదు. పాత పేరుతో ఒక చిన్న ఆబ్‌స్ట్రాక్షన్ పెట్టి, లోపల కొత్తదాన్ని పిలవాలి.

పాత సీ కోడ్‌ను కొత్త పీడీకి తెచ్చేటప్పుడు చూడాల్సినవి:

- "ఎర్రర్" ఫంక్షన్ బదులు "పీడీ_ఎర్రర్", "వెర్బోస్" బదులు "లాగ్‌పోస్ట్"
- "జీఅరే_గెట్‌ఫ్లోట్అరే" బదులు "జీఅరే_గెట్‌ఫ్లోట్‌వర్డ్స్". 64 బిట్ పీడీలో అరేలోని ఒక్కో గడి 8 బైట్లు, ఫ్లోట్ 4 బైట్లే. పాత ఫంక్షన్ అక్కడ పనికిరాదు
- పాయింటర్‌ను "ఇంట్"లో దాచే చోట్లన్నీ "టీ_ఇంట్"కు మార్చాలి
- "ఎం_పీడీ.హెచ్" కాకుండా లోపలి హెడర్లు వాడుతుంటే ప్రతి కొత్త పీడీ విడుదలకూ మళ్లీ కంపైల్ చేసి చూడాలి, ఆ నిర్మాణాలు మారుతుంటాయి

కట్టడానికి పీడీ-లిబ్-బిల్డర్ వాడితే మేక్‌ఫైల్లో లైబ్రరీ పేరు, సోర్స్ ఫైళ్లు, హెల్ప్ ప్యాచ్‌లు రాస్తే చాలు, మూడు సిస్టమ్‌లకూ అదే సరిపోతుంది.

విడుదలకు ముందు:

- మెటా ప్యాచ్‌లోని (లైబ్రరీ వివరాలు రాసే ప్యాచ్‌లోని) వెర్షన్, ప్యాకేజీ వెర్షన్ ఒకటేనా
- ప్రతి ఆబ్జెక్ట్‌కూ హెల్ప్ ప్యాచ్ ఉందా, అది తెరుచుకుంటోందా
- విండోస్ ప్యాకేజీలో అవసరమైన డీఎల్ఎల్‌లు పక్కనే ఉన్నాయా
- మాక్ బైనరీలో ఇంటెల్, ఆర్మ్ రెండూ ఉన్నాయా
- సోర్స్ ప్యాకేజీ కూడా ఎక్కించారా
- పాత విడుదలతో చేసిన ప్యాచ్ ఒకటి, డెకెన్ నుంచి దింపిన ప్యాకేజీ మీద "-నోప్రెఫ్స్"తో తెరిచి చూశారా